రెండు రోజుల దూరం

ఆ ఆఫీసులో పనిచేసేది నలుగురు. నలుగురిలో ఒక్కరూ విమానం ఎక్కిన పాపాన పోలేదు. అయినా ఏ ఊరి నుంచి ఏ ఊరికి విమానం ఎన్ని గంటల్లో వెళుతుందో ప్రపంచానికి చెప్పే బాధ్యత వాళ్ళ మీదే పడింది.

పరుపుల దుకాణం పైన ఒకే ఒక్క గది. కింద పరుపులు, పైన ప్రపంచం. కిటికీ తీస్తే దూది ఎగిరొచ్చి కీబోర్డుల మీద వాలేది. రెండేసి ఊళ్ళని జతకట్టి, ఆ రెంటికీ మధ్య ఎంత దూరం, ఎంతసేపు ప్రయాణం అని ఒక్కో పేజీ రాసి ఇంటర్నెట్‌లో పెట్టడం వాళ్ళ పని. ప్రపంచంలో ఊళ్ళు చాలా ఉన్నాయి, వాటి జతలు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి సూర్యుడు చల్లారేదాకా ఆ ఉద్యోగానికి ఢోకా లేదు.

యజమానిని వెనక అందరూ ‘ఆరొందలు’ అనేవారు. ఆరొందల మాటలకి ఒక్కటి తగ్గినా ఆ పేజీ వెతికేవాళ్ళ కంటపడదని ఆయన నమ్మకం. రెండు ఊళ్ళ మధ్య దూరం చెప్పడానికి ఒక్క అంకె చాలు. మిగతా ఐదొందల తొంభై తొమ్మిది మాటలే వాళ్ళ కష్టార్జితం. ఏ పేజీని ఏ ఊరివాళ్ళు ఎంతమంది చూశారో చెప్పే తెర ఒకటి ఆరొందల ముందు ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. పసిపిల్ల ఊపిరి చూసుకునే తల్లిలా ఆయన దాన్ని నిమిషానికోసారి చూసుకునేవాడు.

ఆ నలుగురిలో ఒకమ్మాయిని కొలబద్ద అనేవారు. మనిషి కూడా అలాగే సన్నగా, నిటారుగా ఉండేది. ఎవరైనా వంకరగా మాట్లాడితే పక్కన నిలబడి ఎంత వంకరో చూపించేది. దాని అల్లరి నోటితో ఆగేది కాదు, పేజీల్లోకి కూడా పాకింది. ఒకసారి ఆరొందల మాటలు నిండక, ఆవు మీద వెళితే ఆ దూరం ఎన్నాళ్ళు పడుతుందో రాసింది. ఆవు దారిలో ఈనితే దూడ నడక నేర్చేదాకా ఆగాల్సి ఉంటుందని హెచ్చరిక కూడా పెట్టింది. ఆరొందలు చివరిదాకా చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఈనడం గురించి ఇంకో యాభై మాటలు పెంచగలవా?” అన్నాడు.

అప్పట్నుంచి కొలబద్ద రాసిన ప్రతి పేజీలోనూ ఒక ఆవు ఉండేది. సముద్రాలు అడ్డొచ్చినచోట ఈదేది.

ఇంట్లో ఈ కబుర్లన్నీ పిన్నికి చెప్పేది. పిన్ని కుట్టుమిషను తొక్కుతూ వినేది, నవ్వొచ్చినప్పుడు కుట్టు వంకర పోతే తిట్టేది. “ఒసేయ్, నీ ఆవు నా అంచు తొక్కేసిందే!”

ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. నాన్న ఎప్పుడో పోయాడు. ఎక్కడికి పోయాడన్నది అడగకూడని ప్రశ్న. అమ్మ, కొలబద్దకి అయిదేళ్ళప్పుడు, సముద్రం అవతల ఓ ఊరు వెళ్ళింది. పెద్ద హోటల్లో దుప్పట్లు మడతపెట్టే పని. ఒక్క ఏడాది చేసి వచ్చేస్తానంది. ఆ ఏడాది ఇంకా నడుస్తోంది. ఇప్పుడు అమ్మ దుప్పట్లు మడతపెట్టడం లేదు, మడతపెట్టేవాళ్ళ మీద పెత్తనం చేస్తోంది. ఇన్నేళ్ళలో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ హోటలు సబ్బులు తెచ్చింది. అవి అగ్గిపెట్టెల్లో పట్టేంత సబ్బులు కాబట్టి ఒక చెయ్యి కడిగేసరికి అయిపోయేవి. రెండో చెయ్యి మళ్ళీ అమ్మ వచ్చేదాకా ఆగాలి.

అమ్మ ఎందుకు రాదన్న ప్రశ్నకి ఆ ఇంట్లో ఒకటే జవాబు. ఆ ఊరు రెండు రోజుల దూరం. విమానంలో. కొలబద్ద ఆ మాట ఎంత చిన్నప్పుడు విందంటే, అక్షరాల కంటే ముందు అది వచ్చింది. బడిలో భూమి గుండ్రంగా ఉంటుందని చెప్పినప్పుడు కూడా, ఒకవైపు కాస్త సాగి ఉంటుందేమో, అమ్మ ఉన్న వైపు, అనుకుంది. పెద్దయ్యాక ప్రపంచంలో ఉన్న ఊళ్ళన్నీ కొలిచి పారేసింది గానీ, ఆ ఒక్క దూరాన్ని కొలవాలని తోచలేదు. తన ముక్కు పొడవెంతో తను ఎవరు కొలుచుకుంటారు?

అలా ఉండగా, పిన్ని గుండెలో ఒక కవాటం చెడిపోయింది. మెట్లెక్కితే ఆయాసం, మిషను తొక్కితే ఆయాసం, చివరికి కొలబద్ద జోకుకి నవ్వినా ఆయాసం. గురువారం పొద్దున ఆపరేషను చెయ్యాలని, ఇక ఆలస్యం పనికిరాదని డాక్టరు చెప్పాడు. మంగళవారమే ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

పిన్ని భయపడలేదు. ఒక్కటే అడిగింది.

“మత్తు ఇచ్చేముందు అక్క మొహం ఒక్కసారి చూడాలే. లేస్తే సరే. లేవకపోతే?”

“లేవకపోతే ఎలా? నా జాకెట్టు సగం కుట్టి వదిలేశావు.”

“అందుకే లేస్తాను. అక్కని మాత్రం రమ్మను.”

కొలబద్ద రమ్మంది. అమ్మ ఫోనులో బోలెడు ఏడ్చింది. ఏడ్చాక, “రెండు రోజుల ప్రయాణం తల్లీ, సెలవు దొరకాలి కదా,” అంది.

ఆ తర్వాతే ఆరొందలు ఆ జతని తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. అందులో మొదటిది తను పుట్టి పెరిగిన ఊరు, రెండోది అమ్మ ఉన్న ఊరు. వంతుల వరసలో వచ్చింది, అంతే. ఆయనకి ఆమె సంగతులేవీ తెలియవు, తెలిసినా మాటల లెక్కలోకి రావు.

కొలబద్ద రెండు ఊళ్ళ మీద రెండు చుక్కలు పెట్టింది. మధ్యలో గీత పడింది. గీత పొడవుని విమానం వేగంతో భాగించి, ఎగరడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపింది. ఆరు గంటలు వచ్చింది.

తప్పు కొట్టానేమో అనుకుంది. మళ్ళీ చుక్కలు పెట్టింది. ఆరు. విమానానికి ఒక రెక్క విరిగిపోయిందనుకుని వేగం తగ్గించింది. ఎనిమిది. దారిలో పైలట్ టీ తాగడానికి ఆగాడనుకుంది. అయినా రెండు రోజులు రావాలంటే ఆ టీ పొయ్యి మీద పెట్టడం కాదు, తోటలో మొక్క నాటడం దగ్గర్నుంచి మొదలెట్టాలి.

విమానాల వేళలు తీసి చూసింది. నేరుగా వచ్చే విమానం ఉంది. రోజూ ఉంది. అక్కడ రాత్రి తొమ్మిదికి ఎక్కితే ఇక్కడ తెల్లారి ఆరింటికి దింపుతుంది. ఆ ఊరి గడియారం ఈ ఊరి గడియారం కంటే మూడు గంటలు వెనక. అంటే గోడ మీది గడియారాలు చూసుకుంటే, ఇక్కణ్ణుంచి అక్కడికి పోవడానికి మూడే గంటలు, అక్కణ్ణుంచి ఇక్కడికి రావడానికి తొమ్మిది. పోవడం తేలిక, రావడం కష్టం. గడియారాలు కూడా అమ్మ పక్షమే.

కొలబద్ద మెట్లు దిగి, పరుపుల దుకాణం ముందు నిలబడి, అమ్మకి ఫోను చేసింది.

“చెప్పు బంగారం. ఒక్క నిమిషం... ఆ పై అంతస్తువి వేరే పెట్టండమ్మా, మరకలున్నాయి... ఆఁ, చెప్పు.”

“అమ్మా, ఎల్లుండే ఆపరేషను.”

“తెలుసు కదే. నాకిక్కడ ముద్ద దిగడం లేదనుకో.”

“నువ్వు రావాలి.”

“నాకు మాత్రం రావాలని ఉండదా? తోడబుట్టింది కాదూ? కానీ ఈ వారం హోటల్లో ఏదో పెద్ద మీటింగు, గదులన్నీ నిండిపోయాయి. ఎంత దూరమో నీకు తెలియనిదేముంది?”

“ఇవాళే తెలిసింది. ఆరు గంటలు.”

అవతల దుప్పట్లు దులుపుతున్న చప్పుడు ఆగింది.

“రెండు రోజులన్నావు కదమ్మా ఇన్నాళ్ళూ,” అంది కొలబద్ద.

“రెండు రోజులా...” అంది అమ్మ, ఎవరో తన చేతిలో పెట్టిపోయిన వస్తువుని తిప్పి చూసుకుంటున్నట్టు. అంతలోనే తేరుకుంది. “మరి కాదా? ఎక్కేది ఒక రోజు, దిగేది ఇంకో రోజు. సోమవారం ఎక్కి మంగళవారం దిగితే అది రెండు రోజులు కాక ఎన్ని రోజులే?”

కొలబద్ద ఆ ఉద్యోగంలో చేరాక ఇంత అందమైన లెక్క చూడలేదు. ఆ లెక్కన రాత్రి పడుకుని పొద్దున లేచిన ప్రతివాడూ రెండు రోజులు నిద్రపోయినట్టే.

“సరే, నీ లెక్కనే రా. రేపు రాత్రి ఎక్కు, ఎల్లుండి పొద్దున దిగు. తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్తారట. పిన్ని నిన్ను చూసి గానీ వెళ్ళనంటోంది.”

“చూస్తానమ్మా.”

“చూస్తానంటే?”

“చూస్తానంటే చూస్తాననే. అన్నిటికీ కొలబద్ద పెట్టకు. ఉంటాను.”

చూస్తాను అన్న మాట అమ్మది. పుట్టినరోజుకి వస్తావా అంటే చూస్తాను. పరీక్షలప్పుడు? చూస్తాను. సెలవుల్లో? చూస్తాను. ఇన్నేళ్ళుగా అమ్మ అక్కడ అన్నీ చూస్తూనే ఉంది, ఇక్కడివాళ్ళని తప్ప.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళేసరికి పిన్ని దిండుకి ఆనుకుని, ఆసుపత్రి దుప్పటి అంచు వేళ్ళతో తడుముతోంది. “ఏం కుట్టే ఇది? ఒక్క లాగు లాగితే మొత్తం ఊడొస్తుంది.” తలెత్తి కొలబద్ద మొహం చూసింది. అక్క కూతురంటే తన కూతురే. “ఏమంది అక్క?”

కొలబద్ద నోరు తెరిచింది. ‘చూస్తానంది’ అనాలి. కానీ పిన్ని పెదవులు నీలంగా ఉన్నాయి. మెడ దగ్గర నరం గోడకి అవతల ఎవరో తలుపు తడుతున్నట్టు కొట్టుకుంటోంది.

“ఎక్కేసింది,” అంది కొలబద్ద. “ఇప్పుడే. విమానంలోంచే ఫోను చేసింది. తలుపు వేసేస్తున్నారట.”

అనేశాక చల్లగా లెక్క వేసుకుంది. పిన్నికి తెలిసిన ప్రయాణం రెండు రోజులు. ఇవాళ సాయంత్రం ఎక్కిన మనిషి ఎల్లుండి పొద్దునే దిగాలి. అమ్మ నిజంగా రేపు రాత్రి ఎక్కినా ఎల్లుండి పొద్దునే దిగుతుంది. రెండు రోజుల అబద్ధంలో ఆరు గంటల నిజాన్ని ఎక్కడైనా దూర్చొచ్చు. ఇంకా బోలెడు చోటు మిగులుతుంది.

“ఎక్కిందా,” అంది పిన్ని. “రెండు రోజుల ప్రయాణం, పాపం.”

పక్క మంచం దగ్గర మందులు సర్దుతున్న నర్సు ఉత్సాహంగా తిరిగింది. “ఏ ఊరి నుంచమ్మా?” పిన్ని ఊరి పేరు చెప్పింది. “రెండు రోజులా? అంత దూరమా? ఉండండి, ఫోనులో చూస్తాను.”

“ఇక్కడ సిగ్నలు రాదు సిస్టర్,” అంది కొలబద్ద, తన ఫోనులో నిండుగా ఉన్న సిగ్నలుని చీరకొంగు లేకపోబట్టి చేత్తోనే కప్పుకుంటూ. “పొద్దున చూడండి. పొద్దున బాగా వస్తుంది.”

వరండాలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి, ఆఫీసు పేజీ తెరిచింది. పగలే రాసి పెట్టింది. ‘ప్రయాణ సమయం: ఆరు గంటలు’ అని ఉంది. ఆరు గంటలు తీసేసి రెండు రోజులు అని కొట్టింది. ప్రపంచంలో ఆ రెండు ఊళ్ళ గురించి ఆరొందల మాటలు రాసే తీరిక ఇంకెవరికీ లేదు కాబట్టి, ఎవరు వెతికినా ముందు దొరికేది తమ పేజీయే. వేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే ఆ ఊరు జరిగి జరిగి, రెండు రోజుల అవతలికి వెళ్ళి కూర్చుంది.

మర్నాడు పొద్దున నర్సు అన్నమాట నిలబెట్టుకుంది. ఫోను చూస్తూ గట్టిగా చదివింది. “నిజమేనమ్మా! ప్రయాణ సమయం రెండు రోజులు. అబ్బో, ఇదేంటి... ‘ఆవు మీద వెళ్ళేవారు సముద్రం దగ్గర దానికి ఈత వచ్చో రాదో కనుక్కోవలెను.’ ఎవరు రాశారో గానీ బాగా తెలిసినవాళ్ళే రాశారు.”

పిన్ని దుప్పటి గడ్డందాకా లాక్కుంది. దుప్పటి కింద భుజాలు కదిలాయి. ఆయాసం కాబోలనుకుని నర్సు నీళ్ళు తెచ్చింది.

ఆ రోజంతా పిన్ని గంట గంటకీ అడిగింది. “ఎక్కడిదాకా వచ్చిందే అక్క?”

కొలబద్ద గంట గంటకీ చెప్పింది. చెప్పే కొద్దీ ఊపందుకుంది. మొదటి విమానం ఎదురుగాలికి ముక్కుతూ మూలుగుతూ వస్తోంది. ఒక ఎడారి ఊళ్ళో దించారు, అక్కడ ఎండకి విమానం టైర్లు అప్పడాల్లా అయిపోతే మార్చారు. రెండో విమానంలో అమ్మకి కిటికీ పక్క సీటు దొరికింది గానీ, కిటికీ అవతలివైపు ఉంది.

“అవతలివైపంటే?”

“అంటే వేరేవాళ్ళ కిటికీ.”

“పాపం. మరి ఏం తిందిట?”

“ఏదో పెట్టారట. రుచి చూసి, ఇది తినేదా తుడుచుకునేదా అని అడిగిందట.”

“అక్క అలాగే అడుగుతుంది,” అంది పిన్ని. “మరి పక్కన ఎవరు కూర్చున్నారట?”

“ఓ లావాటాయన. సగం ఆయన సీట్లో, సగం అమ్మ సీట్లో. అమ్మ కింద కూర్చుందట.”

“నాకు నవ్వు తెప్పించకే, డాక్టరు నవ్వొద్దన్నాడు.” ఊపిరి అందాక మళ్ళీ తనే అడిగింది. “తర్వాత?”

తర్వాతేమిటో కొలబద్దకి తెలియదు. ప్రతి అరగంటకీ వరండాలోకి వెళ్ళి అమ్మకి ఫోను చేస్తోంది. మధ్యాహ్నం ఒకసారి ఎత్తి, “పనిలో ఉన్నా బంగారం, చూస్తున్నా,” అని పెట్టేసింది. సాయంత్రానికి మోగి మోగి ఆగిపోవడం మొదలైంది. చీకటి పడ్డాక మోగడం కూడా మానేసింది. ఫోను ఆపేసి ఉంది.

ఫోను ఆపేసి ఉంది! విమానంలో ఫోను ఆపేస్తారు. తమ పేజీల్లోనే కొన్ని వందలసార్లు రాసింది ఆ వాక్యం, ఆరొందల మాటలు నింపడానికి. ఆ వాక్యానికి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది. అమ్మ ఎక్కింది. ఆకాశంలో ఉంది. ఎవరి సీటు పక్కనో కూర్చుని, ఏదో రుచిలేనిది తింటోంది. తను ఆడిన అబద్ధాలన్నీ ఒక్కొక్కటే నిజమవుతూ వస్తున్నాయి.

గురువారం ఆరు దాటాక కొలబద్ద ఆసుపత్రి గేటు దగ్గర నిలబడింది. విమానాశ్రయం నుంచి ఇక్కడికి ముప్పావుగంట. పెట్టె కోసం ఓ పావుగంట. టాక్సీవాడితో అమ్మ గొడవపడటానికి ఓ పది నిమిషాలు. వచ్చిన ప్రతి కారు లోపలికీ వంగి చూసింది. ఒక కారులో ముసలాయన ఆమెని డాక్టరనుకుని తన కడుపునొప్పి చెప్పుకున్నాడు. ఆయన కడుపు సంగతి పూర్తయ్యేసరికి ఎనిమిది దాటింది.

పైకి వెళ్ళేసరికి పిన్నికి ఆకుపచ్చ గౌను తొడిగారు. మంచం కిటికీ పక్కకి జరిపి ఉంది. కిటికీలోంచి గేటు కనిపిస్తుంది.

“ఇప్పుడే ఫోను చేసింది పిన్నీ, దిగింది గానీ, పొగమంచు కదా, సామాను...”

“ఒసేయ్,” అంది పిన్ని. “ఆరు గంటల ప్రయాణానికి ఎన్ని మజిలీలు పెట్టావే!”

కొలబద్ద నోట్లో పొగమంచు అలాగే ఉండిపోయింది.

“నీకు తెలుసా?”

“నాకు తెలియకపోవడమేంటి? విమానం ఎక్కించింది నేనే కదా. ఆ రెండు రోజులు నేను కనిపెట్టిందే. అక్కకి పాపం అంత ఊహ ఎక్కడిది?” పిన్ని కిటికీలోంచి గేటు వైపు చూసింది. “చిన్నప్పుడు కూడా అచ్చం ఇలాగే నిలబడేదానివి. రోజూ సాయంత్రందాకా ప్రహరీ గోడెక్కి కూర్చునేదానివి. అమ్మ ఎంత దూరంలో ఉందంటే మొదట్లో నిజమే చెప్పాను. ఆరు గంటలు అన్నాను. నువ్వేమో పొద్దున లేవగానే వేళ్ళు లెక్కపెట్టి, ‘అయితే ఇప్పుడు బయల్దేరితే మధ్యాహ్నానికి వచ్చేస్తుంది,’ అని గోడెక్కేదానివి. మధ్యాహ్నం రాకపోతే మళ్ళీ లెక్క. ఒకరోజు వానలో కూడా దిగలేదు. జ్వరమొచ్చింది. అప్పుడు చెప్పాను, నేను తప్పు చెప్పానే, రెండు రోజులు అని. నీకప్పుడు గంటలు లెక్కపెట్టడం వచ్చు గానీ రోజులు లెక్కపెట్టడం రాదు. ఇంక గోడెక్కలేదు.”

“మరి నాకెందుకు పెద్దయ్యాకైనా చెప్పలేదు?”

“చెప్పి? దూరం అంటే దాన్ని తిట్టుకోలేం. ఆరు గంటలంటే మనిషిని తిట్టుకోవాలి. మీ అమ్మని తిట్టుకుంటూ పెరగడం ఎందుకని.”

మంచం తోసేవాళ్ళు వచ్చి నిలబడ్డారు. నర్సు పిన్ని చేతికి కట్టిన పట్టీ సరిచూసింది.

“మరి నువ్వు?” అంది కొలబద్ద.

“నాకెవరూ రెండు రోజులని చెప్పలేదే,” అంది పిన్ని. “ఇన్నేళ్ళూ నేను ఆరు గంటల దూరంలోనే ఉన్నాను.” మంచం కదిలింది. కదులుతుంటే తలతిప్పి, “ఆ లావాటాయన మాత్రం బాగున్నాడు,” అంది. తలుపులు మూసుకున్నాయి.

కొలబద్ద వరండా బెంచీ మీద కూర్చుంది. తొమ్మిది దాటిన కాసేపటికి ఫోను టింగుమంది. అమ్మ నుంచి మెసేజీ.

‘బంగారం, పెట్టె కూడా సర్దుకున్నాను. ఒట్టు. కానీ మా హోటల్లో ఒకమ్మాయి ఫోనులో చూసి చెప్పింది, ప్రయాణం రెండు రోజులట. నువ్వేమో ఆరు గంటలన్నావు. ఇదిగో కింద పెట్టాను, నువ్వే చదువుకో. ఆపరేషను టైముకి ఎలాగూ అందుకోలేనని ఆగిపోయాను. రాత్రి ఛార్జింగు అయిపోయింది. చెల్లి లేవగానే నేను ఏడ్చానని చెప్పు.’

కింద తను రాసిన పేజీయే ఉంది. ఆవుతో సహా.

ఆ విమానంలో మూడుసార్లు వచ్చి, మూడుసార్లు వెళ్ళిన మనిషి అమ్మ. ఆరు గంటలు తన సొంత ఒంటితో కూర్చుని వచ్చిన మనిషి. కొలబద్ద కొన్ని వందల పేజీలు రాసింది, ఎవరైనా నమ్మారో లేదో ఎప్పుడూ తెలియలేదు. ఇన్నాళ్ళకి ఒక్క పాఠకురాలు దొరికింది, అక్షరం అక్షరం నమ్మింది, అదీ కన్నతల్లి. జవాబు రాయబోయింది. రాసి చెరిపింది. ఇంకోటి రాసి చెరిపింది. చివరికి ఫోను బెంచీ మీద బోర్లా పెట్టింది.

పిన్ని బతికింది.

మర్నాడు గాజుతలుపు అవతల ఆమెని చూడనిచ్చారు. నోట్లో గొట్టం ఉంది, మాట్లాడలేదు. కళ్ళు తెరిచి ముందు కొలబద్దని చూసింది. తర్వాత కొలబద్ద వెనక తలుపుని చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరని చూశాక, మంచం మీద ఉన్న చెయ్యి కాస్త లేచింది. రెండు వేళ్ళు.

“ఆఁ,” అంది కొలబద్ద. “రెండు రోజులు. దారిలో ఉంది.”

పిన్ని కళ్ళు మూసుకుంది. కంటి కొసల్లోంచి రెండు వైపులా చెవుల మీదికి నీళ్ళు జారాయి. నర్సు చూసి, గొట్టం గుచ్చుకుంటుంటే అలాగే వస్తాయమ్మా అంది. అవును సిస్టర్, గొట్టమే, అంది కొలబద్ద.

ఇంటికి తీసుకొచ్చాక పిన్ని మొదట చేసిన పని అద్దం ముందు నిలబడి గుండె మీది కుట్టు చూసుకోవడం. “ఇది కుట్టా? గోనెసంచికి కూడా ఇలా వెయ్యరే. డాక్టరు కాబట్టి సరిపోయింది, నా దగ్గర పనికి చేరుంటే తొలిరోజే పంపేసేదాన్ని.” కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకుంది. “అక్క ఏమంది?”

కొలబద్ద మెసేజీ చూపించింది. పిన్ని రెండుసార్లు చదివింది. ఆవు దగ్గరికి వచ్చేసరికి నవ్వింది. గుండెకి దిండు అదుముకుని నవ్వింది. నవ్వీ నవ్వీ, అది నవ్వు కాకుండా పోయినా ఆపలేకపోయింది. కొలబద్ద వెళ్ళి దిండుని తను కూడా పట్టుకుంది. ఒక్క దిండుకి నాలుగు చేతులు.

“ఇవాళే ఆఫీసుకి వెళ్ళి ఆ పేజీ సరిచేసేస్తాను,” అంది కొలబద్ద, పిన్ని కుదుటపడ్డాక.

“ఎందుకే? ఉంచెయ్యి.”

“తప్పు కదా.”

“తప్పే. ఉంచెయ్యి. ఆ ఊళ్ళో ఇంకెంతమంది దుప్పట్లు మడతపెడుతున్నారో. ఇక్కడ ఏ గోడ మీద ఏ పిల్ల కూర్చుని ఉందో.” పిన్ని కుట్టుమిషను వైపు చూసింది. దాని మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది, సూది గుడ్డలో దిగి ఉంది. “అది ఇలా అందుకో.”

కొలబద్ద ఆఫీసుకి వెళ్ళింది. పేజీ తెరిచింది. రెండు రోజులు అన్నచోట కాసేపు చూసి, మూసేసింది.

కొన్నాళ్ళకి ఆరొందలు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన అలా కుర్చీలోంచి లేచి రావడం ఆఫీసు చరిత్రలో లేదు.

“నీ పేజీ ఒకటి ఉంది కదా, మన ఊరిది. దాన్ని ఆ ఊళ్ళోంచి ఎవరో రోజూ చూస్తున్నారు. ఒక్కరే. రోజూ అదే వేళకి. ఏం పెట్టావు అందులో?”

“ఆవు సార్.”

“ఆవా,” అన్నాడు ఆరొందలు, ఆలోచనగా. “అయితే మిగతావాటిలో కూడా ఆవుని ఇంకొంచెం పెంచు.”

ఆయన వెళ్ళిపోయాడు. కింద దుకాణంలో పరుపులు దులుపుతున్నారు, కిటికీలోంచి దూది వచ్చి కీబోర్డు మీద వాలింది. కొలబద్ద దాన్ని ఊదేసింది.

అమ్మ చూస్తానంది. చూస్తోంది.